రన్ ఆగిపోతే సీడ్ మార్చు

ఫిబ్రవరి 9

ఈ పుస్తకం ఎవరికీ చూపించను. అక్క నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని మంచం కింద సూట్‌కేసులో, నా థీసిస్ కాపీ అడుగున పెడుతున్నాను. ఆ థీసిస్‌ని ఇన్నేళ్లలో మనిషన్నవాడు తెరవలేదు. అంతకంటే భద్రమైన చోటు ఈ ఇంట్లో లేదు.

ఇవాళ ల్యాబ్‌లో ఒకటి చూశాను. పొరపాటు పడి ఉంటాను. రాసిపెట్టుకుంటే రేపు పొద్దున చదివి నవ్వుకోవచ్చు.

నిన్న అన్నం తింటూ బావకి చెప్పిన మాటల్లోనే రాస్తాను, నాకే తేటగా ఉంటుంది. కంప్యూటర్లో నాలుగు లక్షల ఆటమ్స్ పేర్చి, కంటికి ఆనని ఉక్కు ముక్క కడతాం. అందులోకి హైడ్రోజన్ ఎక్కిస్తాం. లాగుతాం, వదులుతాం, మళ్లీ లాగుతాం. పగుళ్లు వస్తాయా రావా అని చూస్తాం. ప్రతి రన్‌కీ ముందు ఒక అంకె ఇవ్వాలి. దాన్ని సీడ్ అంటాం. ఆటమ్స్ మొదట్లో ఎటెటు కదలాలో ఆ అంకెని బట్టి ఉంటుంది. కొన్ని రన్లు మధ్యలో "ఆటమ్స్ తప్పిపోయాయి" అని చెప్పి ఆగిపోతాయి. అది ప్రోగ్రాం తిక్క. అప్పుడు ఆ రన్ పారేసి, సీడ్ మార్చి, మళ్లీ మొదలుపెడతాం. నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్న పాతాయన వదిలిపోయిన నోట్స్‌లో రెండో లైనే అది: రన్ ఆగిపోతే సీడ్ మార్చు. కారణం వెతకొద్దు.

బావ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, "అంటే పరీక్ష తప్పిన పిల్లాణ్ని లేపి, వాడి బెంచీలో ఇంకో పిల్లాణ్ని కూర్చోబెట్టి, స్కూలంతా పాసని చెప్తారన్న మాట" అన్నాడు. అక్క పగలబడి నవ్వింది. నాకు ఒళ్లు మండింది. పదో క్లాసు రెండుసార్లు రాసినవాడు నాకు చెప్పొచ్చాడు.

ఇవాళ డిస్కు నిండిపోయింది, పాతవి చెరిపేయమని మెయిల్ వచ్చింది. ముందు చెరిపేసేవి ఆగిపోయిన రన్లే కదా. ఎందుకో ఒకదాన్ని చెరిపేముందు తెరిచాను. ఆగిపోయే ముందు అది దాచిన ఆఖరి బొమ్మ చూశాను.

ఉక్కులో గింజల్లా ఉండే రెండు రేణువులు కలిసే చోట కుట్టు విప్పినట్టు విడిపోయింది. అక్కడి ఆటమ్స్ ఆ ముక్క చుట్టూ మేం గీసిన పెట్టె దాటి బయటికి ఎగిరిపోయాయి. తప్పిపోయాయి అని ప్రోగ్రాం అన్నది వాటి గురించే. దానికి తిక్కేమీ లేదు. ఉక్కు చీలింది.

ఒక్కటే కదా. ఒక్కటి ఎలాగైనా రావచ్చు.

ఫిబ్రవరి 10

నవ్వు రాలేదు. ఇంకో ఆరు తెరిచాను. ఆరూ అంతే.

ఫిబ్రవరి 12

అన్నీ చూశాను. మొత్తం రెండు వందల ముప్పై ఒక్క రన్లు. అందులో ఆగిపోయి నేను పారేసినవి ముప్పై ఒకటి. ముప్పై ఒకటీ చీలినవే. సోమవారం వెళ్లాల్సిన రిపోర్టులో ఏముందంటే: "రెండు వందల రన్లలో రెండు వందలూ నిలిచాయి."

ఆ ఉక్కుతో చేసిన హైడ్రోజన్ గ్యాస్ ట్యాంకు ఊరి చివర ప్లాంటులో బిగించేశారు. మా రిపోర్టు వస్తే మార్చి రెండున నింపడం మొదలు. ఆ ట్యాంకు దగ్గర వాల్వు తిప్పే ఇద్దరిలో ఒకడు మా బావ. మా ల్యాబ్ నడిపే సార్‌ని కాళ్లావేళ్లా పడి అడిగి ఆ ఉద్యోగం వేయించింది నేనే.

ఫిబ్రవరి 13

సార్‌కి చెప్పాను. చెప్పాను అని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

సార్ ఎప్పుడూ అరవరు. ఆయనతో చిక్కే అది. అరిచేవాడైతే మనమూ ఒక మాట అనొచ్చు.

"కూర్చో తల్లీ. మొహం పీక్కుపోయిందేంటి?"

బొమ్మలు ముందు పెట్టాను. రెండు చూశారు. మూడోది బోర్లా పెట్టి దాని మీద టీ కప్పు పెట్టారు.

"ఇది మన మోడల్లో లోపం అమ్మా. ఉక్కుది కాదు."

"ముప్పై ఒకటీనా సార్?"

"వాటి బదులు కొత్త సీడ్‌తో మళ్లీ నడిపావు కదా?"

"నడిపాను."

"బాగా వచ్చాయా?"

"వచ్చాయి."

"మరి?"

నీళ్లు నమిలాను. జవాబు లేక కాదు. మా ఇంట్లో అన్నం తింటూ బావ చెప్పిన జవాబే ఉంది. ఆ బెంచీ జవాబు సార్ ముందు చెప్పడానికి సిగ్గేసింది. అదీ నిజం కాదు. ఆయన ఆ తర్వాత చెప్పబోయే మాట కోసం ఆగాను.

చెప్పారు. కొత్తగా మూడేళ్ల పోస్టు వస్తోందట. ప్రకటన రాసేశారట. "ఎలాంటి మనిషి కావాలో రాశాను. చదివితే నీ జాతకం చదివినట్టే ఉంటుంది" అని నవ్వారు. నా కాంట్రాక్టు మార్చి ముప్పై ఒకటితో ఆఖరు. పీహెచ్‌డీ అయ్యాక ఇది రెండో పోస్ట్‌డాక్, నాకు ముప్పై నాలుగు. ఏడాదికోసారి పెట్టె సర్దుకుని, ఏడాదికోసారి ఎవరి ముందో చేతులు కట్టుకుని నిలబడి, అక్క ఇంట్లో పక్కగదిలో ఉంటున్నాను. దరఖాస్తులు నలభై రెండు పెట్టాను. జవాబులు మూడు వచ్చాయి. మూడూ "మీకు శుభం కలగాలి" అనే వచ్చాయి. ఆ శుభమేదో వాళ్లే కలిగించొచ్చు కదా.

లేచి వచ్చేస్తుంటే ఆయనే తలుపు తీసి పట్టుకున్నారు.

ఫిబ్రవరి 16

రిపోర్టు వెళ్లింది. రాసిన వాళ్లలో మొదటి పేరు నాది.

ఫిబ్రవరి 17

సార్‌కి అనుభవం ఉంది. ముప్పై ఏళ్లుగా చేస్తున్నారు.

ఫిబ్రవరి 22

ఆదివారం. బావ తన జోడీదారుణ్ని ఇంటికి తీసుకొచ్చాడు. అందరూ ఆయన్ని గడియారం అంటారట. డ్యూటీకి పది నిమిషాల ముందు రాకపోతే ఆయన లెక్కలో అది ఆలస్యమే. ఇవాళ కూడా నాలుగింటికి రమ్మంటే నాలుగుకి పది నిమిషాలుండగానే గుమ్మంలో ఉన్నాడు. అక్క ఇంకా తల కూడా దువ్వుకోలేదు. ఎండ కాస్తున్నా చేతిలో గొడుగు. జూన్‌లో రిటైరవుతాడు.

నా కళ్లద్దాలకి ఒక వైపు కాడ ఊగుతోంది. ఆయన చూశాడు. అడక్కుండానే నా మొహం మీంచి తీసుకుని, తాళాల గుత్తికున్న బుల్లి స్క్రూడ్రైవర్‌తో బిగించి ఇచ్చాడు.

"మరలు వదులవడం మొదలెడితే ఊరుకోకూడదమ్మా. చిన్నదే కదా అనుకుంటాం."

"ఈవిడ కంప్యూటర్లో పాసు చేసిన ట్యాంకే గురువుగారూ మనది" అన్నాడు బావ, అదేదో పెళ్లిసంబంధం చెప్తున్నంత గొప్పగా.

గడియారం నాకు దండం పెట్టాడు. "మీలాంటి చదువుకున్నవాళ్లు చూశారంటే మాకు కొండంత అండ."

వంటింట్లోకి వెళ్లిపోయాను. ఏం పనుందని వెళ్లానో గుర్తు లేదు.

ఫిబ్రవరి 23

కాడ ఊగడం లేదు.

మార్చి 2

మొదటిసారి నింపారు. ఏమీ కాలేదు. చూశావా, ఏమీ కాలేదు. పొద్దున నింపడం, సాయంత్రం ఖాళీ చేయడం, రోజూ ఇంతే. బావ మిఠాయి తెచ్చాడు. "సైంటిస్టుగారూ, నోరు తెరవండి" అని నోట్లో కుక్కాడు.

మార్చి 3

రెండు.

మార్చి 4

మూడు. బావ ఇంటికి రాగానే వేలు చూపిస్తాడు, ఎన్నోదో. ఆట అనుకుంటున్నాడు.

మార్చి 7

ఆరు. కంప్యూటర్లో ఇరవైనాలుగో లాగుడు దాకా ఒక్కటీ చీలలేదు. అక్కడి నుంచి నలభై లోపు ముప్పై ఒకటీ చీలాయి. కానీ కంప్యూటర్లో ఒక లాగుడంటే నిజంలో ఒక రోజు అని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. వంద కావచ్చు, పది వేలు కావచ్చు. నిజం చెప్పాలంటే ఆ లెక్క మాలో ఎవరికీ తెలీదు. తెలీనప్పుడు భయపడటం అశాస్త్రీయం.

మార్చి 9

ఎనిమిది. పాతాయన నంబరు సంపాదించి మధ్యాహ్నం ఫోన్ చేశాను. ఇప్పుడు స్కూలు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నాడట. వెనకాల ఎవరో ఎక్కాలు అప్పజెప్తున్నారు. నేను ఎవరో చెప్పగానే ఆయన వాళ్లని బయటికి వెళ్లి ఆడుకోమన్నాడు.

"ఎన్ని లెక్కపెట్టావమ్మా?" అన్నాడు. నేనింకా ఏమీ అడగలేదు.

"ముప్పై ఒకటి."

"నా హయాంలో పద్నాలుగు."

"మరి ఆ నోట్స్‌లో కారణం వెతకొద్దని రాశారేంటండీ?"

"ఆ ముక్క మీ సార్ పక్కన కూర్చుని రాయించిందే. రాసిన వారానికి నా మనసు ఒప్పుకోలేదు. వెళ్లి, పైవాళ్లకి చెప్తానన్నాను. ఎంత ప్రేమగా విన్నారనుకున్నావ్! నెలాఖరుకి నా కాంట్రాక్టు అయిపోయింది. ఆ పోస్టే నీకొచ్చింది."

"పైవాళ్లకి చెప్పారా మరి?"

ఆయన తలుపు వేసిన చప్పుడు వినపడింది.

"ఇంకో ఉద్యోగానికి ఆయన ఉత్తరం కావాలి కదమ్మా. ఊరుకున్నాను. ఉత్తరం రానూ లేదు." తర్వాత అడిగాడు, "నువ్వెవరికి చెప్పావు?"

సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

మార్చి 13

పన్నెండు. ప్లాంటు ఇన్‌స్పెక్టర్‌కి మెయిల్ రాశాను. ముప్పై ఒక్క బొమ్మలూ జత చేశాను. పంపలేదు, దాచాను. రాసినదంటూ ఉంది కదా. ఎప్పుడంటే అప్పుడు ఒక్క నొక్కు.

మార్చి 14

పదమూడు.

మార్చి 15

పద్నాలుగు. అక్క అడిగింది, "ఏమే, ఎవరైనా ఉన్నారా? ఎప్పుడు చూసినా ఫోన్ తీసి చూసుకుని పెట్టేస్తున్నావ్." ఉన్నారన్నాను. ఆవిడ ఆనందం చూడాలి.

మార్చి 20

పంతొమ్మిది. పోస్టు నాకే ఖాయమైంది. వచ్చే శుక్రవారం, ఇరవై ఏడున సంతకం. మూడేళ్లు. సంతకం అయ్యాక నన్ను తీసేయడం అంత తేలిక కాదు. అప్పుడు మాట్లాడితే వినేవాళ్లుంటారు. ఇప్పుడు మాట్లాడితే పాతాయన లాగా పిల్లల చేత ఎక్కాలు చదివించుకోవడమే. శనివారం పొద్దున్నే మెయిల్ పంపుతాను. ఇది ఒట్టు.

ఇల్లు వెతుక్కోవాలి. కిటికీ ఉన్న గది.

మార్చి 23

ఇరవై రెండు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదేనేమో. పాలు కూడా రుచిగా లేవు.

మార్చి 25

ఇరవై నాలుగు.

బావ కాళ్లు కడుక్కుంటూ మామూలుగా చెప్పాడు. పొద్దున ట్యాంకు మెడ దగ్గర గ్యాస్ సెన్సార్ కూసిందట. నలుగురూ చేరారట. సెన్సారే పాడై ఉంటుందని తీసేసి కొత్తది పెట్టారట. కొత్తది కూయలేదట.

"గడియారం మాత్రం సణుగుతున్నాడు. కూసినదాన్ని తీసేసి కూయనిదాన్ని పెట్టుకుంటే ఎలాగురా అంటాడు. పెద్దాయన, చాదస్తం."

నా చేతిలో గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"బావా, రేపు సెలవు పెట్టు."

"ఎందుకే?"

"కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చుక్కలు వేస్తే దారి కనపడదు. ఒక్కదాన్నే రాలేను."

"మీ అక్కని తీసుకెళ్లు."

"నువ్వే రావాలి."

నా మొహంలో ఏం కనపడిందో, సరేనన్నాడు. డ్యూటీకి ఎవరో ఒకర్ని చూసుకోవాలిగా మరి అన్నాడు. రేపు గడియారానికి వీక్లీ ఆఫ్. ఫోన్ చేస్తే, మీ మరదలికి కళ్లు బాగవ్వాలి, నేను వెళ్తాలే అన్నాడట.

నేను పక్కనే ఉన్నాను. ఫోన్లో ఆయన గొంతు నాకు వినపడుతూనే ఉంది. వద్దు, ఆయన కూడా వద్దు అనడానికి నాకు చాలినంత టైముంది.

ఎల్లుండే శుక్రవారం. రెండు రోజులు. రెండు రోజుల్లో ఏమవుతుంది.

మార్చి 26

క్లినిక్‌లో చుక్కలు వేశారు. గోడ మీద అక్షరాలు ముద్దయిపోయాయి. బావ పక్కన కూర్చుని పాత పత్రిక చదివి నవ్వుకుంటున్నాడు. పదీ ఇరవైకి అతని ఫోన్ మోగింది.

ఏమన్నారో నాకు వినపడలేదు. బావ లేచి నిలబడ్డాడు. పత్రిక కింద పడింది. పరిగెత్తుతున్నాడని తెలుస్తోంది కానీ ఎటో కనపడలేదు. రోడ్డు మీదికొస్తే అంతా తెల్లటి వెలుగు. గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎవరో ముసలావిడ చెయ్యి పట్టుకుని నన్ను ఇంటికి చేర్చింది.

ఇరవై ఐదోసారి నింపుతుండగా మెడ చీలింది. మెడ దగ్గర ఉన్నది ఒక్కడే. పది నిమిషాల ముందే వచ్చి ఉంటాడు.

మార్చి 27

సార్ ఫోన్ చేశారు. "ఇవాళ సంతకం వద్దు తల్లీ, బాగుండదు. కొన్నాళ్లు పోనిద్దాం."

మార్చి 28

శనివారం. మెయిల్ పంపాను. ఒట్టు నిలబెట్టుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే కనీసం కాలినవి మన చేతులై ఉండాలి. నావి కాలలేదు.

మార్చి 30

బావ మూడు రోజులుగా గడియారం ఇంట్లోనే ఉన్నాడు. ఇవాళ వచ్చాడు. అక్క అన్నం పెట్టింది. ముట్టుకోలేదు.

అక్కే మొదలెట్టింది. "దేవుడి దయ. ఇది కళ్ల డాక్టరు అనకపోతే నా గతేం కావాలి?" అంటూ నా తల నిమిరింది. బావ తలెత్తాడు.

"డాక్టరు ఏమన్నాడు నీ కళ్లకి?"

"ఏమీ లేదన్నాడు."

"ఏమీ లేదని నీకు ముందే తెలుసా?"

అక్క చెయ్యి నా తల మీద ఆగిపోయింది.

అబద్ధం నోటి దాకా వచ్చింది. కానీ ఈ మనిషికి నేను చిన్నప్పటి నుంచి అబద్ధం చెప్పి గెలవలేదు. చెప్పాను. ఫిబ్రవరి నుంచీ మొత్తం చెప్పాను. ముప్పై ఒకటి, సార్ గది, పాతాయన, పంపని మెయిల్, అన్నీ. అంతా విన్నాక అతను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"ఆ రోజు పరీక్ష, బెంచీ అని జోకేశాను, గుర్తుందా?"

తలూపాను.

"నన్ను లేపి ఆయన్ని కూర్చోబెట్టావు."

అక్క నా తల మీంచి చెయ్యి తీసేసింది.

ఏప్రిల్ 1

కాంట్రాక్టు నిన్నటితో అయిపోయింది. ల్యాబ్ తాళం ఇంకా నా దగ్గరే ఉంది. సార్ అడగలేదు.

ఏప్రిల్ 6

విచారణ అధికారి దగ్గర్నుంచి ఉత్తరం. నా మెయిల్ అందిందట. ఒకటే ప్రశ్న: "ఆగిపోయిన ఈ ముప్పై ఒక్క రన్ల సంగతి మీకు మొదటగా ఏ తేదీన తెలిసింది?"

ఆ ఉత్తరం నకలు సార్‌కీ వెళ్లినట్టుంది, గంట తిరక్కుండా మా ఇంటికే వచ్చారు. అక్క కుర్చీ వేసింది. టీ ఇవ్వలేదు. సార్ కొత్త పోస్టు కాగితాలు బల్ల మీద పెట్టి, అంచులు సమానంగా సర్దారు.

"ప్రమాదం జరిగాక వెనక్కి వెళ్లి చూస్తే బయటపడ్డాయని రాయి తల్లీ. ఎవరికీ ఇబ్బంది ఉండదు. నీకూ ఉండదు. ఎప్పుడు చూశావో నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

నిజమే. డిస్కులో పాతవన్నీ చెరిపేశారు. నా దగ్గరున్న బొమ్మల మీద ఏ తేదీ లేదు. పాతాయన నోరు విప్పడు. బావకి చెప్పింది నేనే కాబట్టి నేను కాదంటే సరి.

"ఆలోచించి చెప్తాను సార్" అన్నాను. ఎంత అలవాటో చూడు, ఇప్పుడు కూడా అదే నోటికొచ్చింది.

ఆయన వెళ్లాక పక్కగదిలోకి వచ్చి సూట్‌కేసు లాగాను. థీసిస్ కింద ఈ పుస్తకం. మొదటి పేజీ తీశాను. ఫిబ్రవరి 9. నవ్వుకుందామని రాసుకున్నాను. చదువుతుంటే అక్షరాలు కనపడలేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. గడియారం బిగించిన మర బిగించినట్టే ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకి మొదటిసారి.

ఫిబ్రవరి, మార్చి పేజీలన్నీ చింపేస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. అది కూడా రాస్తున్నాను. చింపలేదు.

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"ఏంటది?"

"తేదీ అడిగారు. ఇందులో ఉంది."

చెయ్యి చాచాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "నాకొద్దు. అడిగినవాళ్లకి ఇవ్వు" అన్నాడు. కాసేపాగి, "ఆఫీసు పదింటికి తెరుస్తారు. నేను తీసుకెళ్తాను" అన్నాడు.

తొమ్మిదీ యాభైకి అక్కడ ఉండాలన్నాను.

అతను చెప్పులు వెతుక్కోవడానికి వెళ్లాడు, ఇప్పుడే వెళ్లాలన్నట్టు. రేపు పొద్దున కదా బావా అన్నాను. అవునవును అన్నాడు.

ఈ పుస్తకం ఎవరికీ చూపించనని మొదట్లో రాశాను. అది కొట్టేయడం లేదు. ఎవరు చదువుతారో తెలీదు కానీ, చదివేవాళ్లకి: మార్చి ఇరవై ఐదు సాయంత్రం ఆయన గొంతు నాకు వినపడింది. ఆ పేజీ ముందు చూడండి.